మెడ మీద నలుపు మురికి కాదండీ

పిల్లాడి మెడ వెనకాల నల్లగా పట్టీలా కనిపిస్తే మనిళ్లలో ముందు వచ్చే మాట "వీడు సరిగ్గా స్నానం చెయ్యట్లేదు". ఆ తర్వాత సున్నిపిండి, పీచు. పాపం మెడ కందిపోతుంది గానీ ఆ నలుపు మాత్రం చచ్చినా వదలదు, ఎందుకంటే అది పైన పట్టిన మురికి కాదు, అక్కడ చర్మమే మందమైపోయింది. వేలితో తడిమి చూడండి, వెల్వెట్ గుడ్డలా మెత్తగా, సన్నటి ముడతలతో తగుల్తుంది. చంకల్లో, గజ్జల్లో, వేళ్ల కణుపుల మీద కూడా రావచ్చు, ఒక్కోసారి పక్కన చిన్న పులిపిర్లు. డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. డౌటుంటే స్పిరిట్ దూదితో తుడవండి, మట్టిలా పేరుకునే ఇంకోరకం మచ్చలైతే దూదికి వచ్చేస్తాయి, ఇది రాదు.

ఎందుకొస్తుందంటే, ఒళ్లు బాగా చేసిన పిల్లల్లో కండరాలు, లివర్ ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి, దాంతో ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ (క్లోమం) ఇంకా ఇంకా ఇన్సులిన్ వదుల్తుంది, అదంతా రక్తంలో తిరుగుతూ చర్మంలో "పెరగండి" అనే సంకేతం అందుకునే ఐజీఎఫ్-1 రిసెప్టర్లకి అతుక్కుని అక్కడి కణాల్ని గబగబా పెంచేస్తుంది. అంటే అప్పటికి షుగర్ నార్మలే ఉండొచ్చు! చాలామంది ఆ రిపోర్ట్ చూసి "హమ్మయ్య" అనుకుని మళ్లీ మర్చిపోతారు, నాకు చిరాకేసేది అక్కడే. పాంక్రియాస్ అలిసిపోయాకే షుగర్ పెరిగేది. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ (డయాబెటిస్‌కి ముందు దశ), 6.5 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్.

అమెరికాలో టెక్సస్‌లో అయితే ఏకంగా చట్టం చేసి, చాలా ప్రాంతాల స్కూళ్లలో 1, 3, 5, 7 తరగతుల పిల్లలకి కళ్లు, చెవులతో పాటు మెడ కూడా చూసే పద్ధతి పెట్టారు. డల్లాస్‌లో ఉండే మనవాళ్లకి స్కూల్ నుంచి అలాంటి లెటర్ వస్తే కంగారొద్దు, అది డయాబెటిస్ ఉందని కాదు, డాక్టర్‌కి చూపించమని.

తెల్లబరిచే క్రీములు, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చి రాయకండి, చర్మం పల్చబడిపోతుంది. బరువు తగ్గితే నలుపు మెల్లగా, నెలల మీద, దానంతటదే తగ్గుతుంది. సన్నగా ఉన్న పిల్లకి సడన్‌గా వస్తే మాత్రం థైరాయిడ్, వాడే మందులు లాంటి వేరే కారణాలు కూడా వెతకాలి.

ఇంకోటి, పైన చెప్పిందంతా టైప్ 2 డయాబెటిస్‌కి దారితీసేది, టైప్ 1 డయాబెటిస్ వేరే కథ. అందులో మామూలుగా మెడ నల్లబడదు, పిల్లలు తెగ నీళ్లు తాగుతారు, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలౌతుంది, తింటున్నా చిక్కిపోతారు. అలా కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.