నోటుబుక్కులో ఎర్ర గీత

వేళచ్చేరి, చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న వచ్చినప్పుడు నా పాత నోటుబుక్కు తిరగేసి, "అన్నీ ఐదొందలు, ఆరొందలే. చివర్లో ఈ ఎర్ర గీతేంటి తాతయ్యా?" అని అడిగారు. అప్పుడు నవ్వి దాటేశాను.

అవి నేను నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) పుట్ ఆప్షన్లు అమ్మితే వచ్చిన డబ్బులు. పుట్ అంటే బండి ఇన్సూరెన్స్ లాంటిదే. నిఫ్టీ ఫలానా అంకె కిందికి పడితే ఆ తేడా నేను కడతాను. అందుకు ప్రీమియం ముందే పుచ్చుకుంటాను. ఈ ప్రీమియం ఎంతుండాలో లెక్కగట్టే సూత్రాన్ని 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించారు. చక్కటి సూత్రమే. కాకపోతే మార్కెట్ ఎత్తుపల్లాలు గుడిగంట ఆకారపు బొమ్మలా రెండు పక్కలా సమానంగా ఉంటాయని నమ్ముతుంది. నేనూ నమ్మాను. దూరపు పుట్లు, అంటే నిఫ్టీ బాగా పడితేనే నేను కట్టాల్సినవి, సూత్రం చెప్పిన ధర కంటే ఎక్కువకి అమ్ముడవుతుంటే, జనానికి ఉత్త భయం అనుకుని వారం వారం అమ్మాను. కాఫీ ఖర్చులు వచ్చేస్తున్నాయని మీ బామ్మ దగ్గర గొప్పలు కూడా పోయాను.

2020 మార్చి 23, సోమవారం. తెరిచిన గంటలోపే మార్కెట్ 10 శాతం పడితే 45 నిమిషాలు ట్రేడింగ్ ఆపేశారు. స్క్రీన్ మీద అంకెలు కదలడం లేదు. స్టవ్ మీద పాలు మాత్రం పొంగి గట్టంతా పారాయి. సాయంత్రానికి నిఫ్టీ 13 శాతం దిగింది. ఏడాది జమంతా పోయి, చేతి డబ్బులు కూడా పడ్డాయి. ఆ ఎర్ర గీత ఆ రోజుదే.

ఇక మీకో లెక్క. ఎత్తుపల్లాలు ఏ పక్కకి ఒరిగాయో చెప్పే అంకెని స్క్యూనెస్ అంటారు. అది కట్టాలంటే సగటు నుంచి ప్రతి రోజూ ఎంత తేడానో చూసి, ఆ తేడాని ఘనం చేస్తారు. సగటు సున్నా అనుకోండి. ఒక శాతం పెరిగిన రోజుకి 1 వస్తుంది. 13 శాతం పడిన రోజుకి మైనస్ 2,197! ఆ ఒక్క సోమవారానికి సరితూగాలంటే ఒక శాతం పెరిగే రోజులు 2,197 కావాలి. ఏడాదికి మార్కెట్ తెరిచేది సుమారు 250 రోజులు; భాగించి చూసుకోండి. ఘనం కాబట్టే మైనస్ మైనస్‌గానే మిగులుతుంది. వర్గం చేస్తే ఏ పక్కకి పడిందో తెలియదు.

మన ఊరి వానకి తోక, అంటే అరుదుగా వచ్చే పెద్ద తేడాలు, కుడివైపు, పెరిగే పక్క. చాలా రోజులు సున్నా, అంతకంటే తగ్గదు. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. షేర్ సూచీలకి తోక ఎడమవైపు, పడే పక్క.

ఇది ముందే తెలిసినవాళ్లున్నారు. 1987 అక్టోబర్ 19న, అదీ సోమవారమే, అమెరికాలో డౌ జోన్స్ ఒక్క రోజులో 22.6 శాతం పడింది. అప్పటి నుంచి అక్కడ సూచీల దూరపు పుట్లకి ధర పెరిగింది, మళ్లీ మామూలు కాలేదు. ఆ ధరల్ని పెట్టి సూత్రాన్ని వెనక్కి నడిపితే ఒకే సూచీకి, ఒకే గడువుకి, ఒక్కో స్ట్రైక్ (పైన చెప్పిన ఆ ఫలానా అంకె) దగ్గర ఒక్కో వోలటిలిటీ (సూచీ ఎంత ఊగుతుందనే అంచనా) వస్తుంది. దీన్నే స్క్యూ అంటారు. నేను ఉత్త భయం అనుకున్నది ఇదే.

ఎర్ర గీత తర్వాతి పేజీల్లో ఉన్నవి మీ బామ్మ పాల లెక్కలు. అవి నన్నడగొద్దు.

మీ తాతయ్య