చంక దించితే చెయ్యి లేవదు: కొలతల గురించి అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో వేరుశనగ చెట్లు పీకే రోజులు వచ్చాయంటే మా కుట్టు దుకాణానికి చిరిగిన జాకెట్లు వరుసగా వస్తాయి. చిరుగు దాదాపు ఒకే చోట ఉంటుంది: చంక వెనకాల, చెయ్యి వీపును కలిసే కుట్టు దగ్గర. ‘వేసుకున్నప్పుడు బాగానే ఉందక్కా, వంగితేనే పట్టేస్తోంది’ అంటారు. వాళ్ల మాట నిజం. మేము వాళ్లను నిటారుగా నిలబెట్టి కొలిచాం. వాళ్లేమో రోజంతా వంగి, చేతులు ముందుకు చాచి పని చేస్తారు.

అపోహ: చెయ్యి పైకి లేవకపోతే చంక ఇంకాస్త కిందికి దించాలి.

వాస్తవం: పని నేర్చుకున్న కొత్తలో నేనూ ఇదే నమ్మాను. బస్సు కండక్టరుగా పనిచేసే ఒక చెల్లెలు, పై కడ్డీ పట్టుకుంటే చొక్కా పట్టేస్తోందని వస్తే చంకను ఒక అంగుళం దించి ఇచ్చాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. ఈసారి చెయ్యి ఎత్తగానే చొక్కా నడుము దగ్గరి నుంచి ఊడి వస్తోంది. తప్పు నాదే.

చెయ్యి తిరిగేది భుజం కీలు దగ్గర. చంక కుట్టు ఆ కీలుకు దగ్గరగా ఉంటే, చెయ్యి లేచినప్పుడు చొక్కా చెయ్యి మాత్రమే కదులుతుంది. కుట్టు కిందికి దిగితే చొక్కా చెయ్యి పక్క కుట్టుకు మరీ కింద అతుక్కుంటుంది. అప్పుడు చెయ్యి ఎత్తితే చొక్కా మొత్తం పైకి లాగబడుతుంది. ఆ అమ్మాయికి మరో చొక్కా కుట్టాను. చంకను ఒరుసుకోనంత వరకు పైకి తెచ్చి, చెయ్యి ముక్క పై వంపు ఎత్తు తగ్గించి, పై చేతి కండ దగ్గర దాని వెడల్పు పెంచాను. ఇలా కుడితే చెయ్యి కిందికి దించినప్పుడు చంక దగ్గర మడతలు కనిపిస్తాయి. వాటిని కుట్టులో లోపం అనుకోకండి. చెయ్యి ఎత్తినప్పుడు కావలసిన గుడ్డ అక్కడే ఉంటుంది. పాతకాలపు లాల్చీల్లో చంక కింద వేసే చదరపు ముక్క చేసే పని కూడా ఇదే. దాన్ని కనిపెట్టిన చేతులకు నా నమస్కారం.

అపోహ: వదులుగా కుడితే ఏ కదలికకైనా సరిపోతుంది.

వాస్తవం: శరీరం అన్ని వైపులా ఒకేలా పెరగదు. నిలబడినప్పుడు 14 అంగుళాలున్న వీపు వెడల్పు, చేతులు ముందుకు చాచితే 16 వరకు వెళ్లడం నా టేపు మీద చాలాసార్లు చూశాను. అదే సమయంలో ముందు వైపు ఛాతీ దగ్గర గుడ్డ ముడుచుకుంటుంది. చుట్టుకొలతకు రెండంగుళాలు కలిపి నాలుగు వైపులా పంచేస్తే, సగం గుడ్డ అక్కరలేని చోట చేరుతుంది. వీపు మాత్రం పట్టేస్తూనే ఉంటుంది. ప్యాంటుకూ అంతే. కూర్చుంటే వెనక సీటు పొడవు పెరుగుతుంది, ముందు మడతలు పడతాయి. అందుకే వెనక ఎత్తు, అంటే వెనక నడుము నుంచి కాళ్ల మధ్య కుట్టు వరకు ఉండే పొడవు, విడిగా కుర్చీలో కూర్చోబెట్టి చూడాలి. మోకాలు పూర్తిగా మడిస్తే దానిపై చర్మం నిలువుగా 35 నుంచి 45 శాతం వరకు సాగుతుందని ఈ రంగంలో లెక్క వేస్తారు.

గుడ్డ కూడా అంత సాగాలని కాదు. చాలావరకు అది చర్మం మీద జారి సర్దుకుంటుంది. కానీ ఎండలో చెమటకు తడిసిన గుడ్డ ఒంటికి అంటుకుని జారదు. అప్పుడు భారమంతా కుట్టు మీద పడుతుంది. ఫ్యాను కింద ట్రయల్‌లో హాయిగా ఉన్న జాకెట్టు మధ్యాహ్నం పొలంలో చిరగడానికి ఇది పెద్ద కారణం.

అపోహ: సాగే బట్ట అయితే కొలతల గొడవే లేదు.

వాస్తవం: ఏ వైపు సాగుతుందో చూడండి. 1958లో వచ్చిన స్పాండెక్స్ దారం వల్ల మనకు సాగే బట్టలు అందాయి. అయితే సాగే జీన్స్ ఎక్కువగా అడ్డంగానే సాగుతుంది. మోకాలికీ సీటుకూ కావలసింది నిలువు సాగుదల. సాగని నేత బట్టనైనా ఐమూలగా కత్తిరిస్తే కాస్త సాగుతుంది. క్రాస్ జాకెట్టు ఒంటికి చక్కగా అమరడానికి కారణం అదే.

అపోహ: కదలికను కొలవాలంటే ఖరీదైన యంత్రాలు ఉండాలి.

వాస్తవం: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారిని 25,000 మందిని స్కానర్లతో కొలవాలని లక్ష్యం పెట్టుకుంది. మన దేశానికి సొంత సైజులు కావాలి కాబట్టి అది ఎంతో అవసరమైన పని. అయినా అలాంటి స్కానర్లు కొలిచేది కదలకుండా నిలబడిన మనిషినే. కదిలే ఒంటిని క్షణానికి అనేకసార్లు చిత్రించే స్కానర్లు వేరే ఉన్నాయి, అవి పరిశోధనశాలలకే పరిమితం.

మన దుకాణంలో బొట్టుబిళ్లలు చాలు. కుట్టించుకోవడానికి వచ్చిన ఆమెను ఒంటికి అతుక్కునే పాత జాకెట్టు వేసుకోమని, వీపు మీద రెండు చంకల వెనకా ఒక్కో బిళ్ల, మెడ ఎముక దగ్గర ఒకటి, నడుము మధ్యలో ఒకటి అంటించండి. నిలబడినప్పుడు బిళ్లల మధ్య దూరం రాసుకోండి. తర్వాత ఆమె రోజూ చేసే పని చేసి చూపించమనండి: చెట్టు పీకినట్టు వంగడం, బిడ్డను చంకనెత్తుకోవడం, స్కూటరు హ్యాండిల్ పట్టుకోవడం. ఆ భంగిమలోనే ఆపి మళ్లీ కొలవండి. టేపు బిగించకండి, ఊపిరి బిగపట్టనివ్వకండి. రెండు కొలతల తేడాను పుస్తకంలో ఆమె పేరు పక్కన, ఏ పనికి ఎంత అని విడివిడిగా రాసుకోండి.