ఎన్‌సెలడస్ అల్బెడో 1.38 ఎలా అయింది?

శని ఉపగ్రహం ఎన్‌సెలడస్ జ్యామితీయ అల్బెడో 1.38. మామూలుగా అల్బెడో అంటే పడిన వెలుగులో తిప్పి పంపే వాటా. పడిన వెలుగు కన్నా ఎక్కువ తిప్పి పంపడం ఏ వస్తువుకైనా ఎలా సాధ్యం? అంకెలో తప్పేమీ లేదు. అది మొత్తం వెలుగు లెక్క కాదు. సూర్యుడు సరిగ్గా మన వెనక ఉన్నప్పుడు, వెలుగును పూర్తిగా చెదరగొట్టే అంతే సైజు తెల్లని బిళ్లతో పోలిస్తే ఆ ఉపగ్రహం ఎన్ని రెట్లు మెరుస్తుందో చెప్పే అంకె. అన్ని దిక్కులకూ పోయే మొత్తం వెలుగును చెప్పేది బాండ్ అల్బెడో. ఎన్‌సెలడస్‌కు అది సుమారు 0.8.

ఈ కొలతల కథ శని మరో ఉపగ్రహం ఇయాపెటస్‌తో మొదలైందనాలి. 1671లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కసీని దాన్ని శనికి పడమర పక్కన కనుగొన్నాడు. తూర్పుకు వస్తే మాయమయ్యేది. మెరుగైన టెలిస్కోపుతో 1705లో అటువైపూ చిక్కింది, కానీ రెండు ప్రకాశ తరగతులు, అంటే సుమారు ఆరు రెట్లు, మసకగా. ఒక సగం నల్లన, పైగా ఎప్పుడూ ఒకే ముఖం శని వైపు ఉంటుందని అతను తేల్చాడు. అద్భుతమైన ఊహ, నిజమైన ఊహ కూడా.

కంటి అంచనా నుంచి బయటపడింది 1920లలో. లిక్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రజ్ఞుడు స్టెబిన్స్ వెలుగును విద్యుత్తుగా మార్చి కొలిచే ఫోటోఎలక్ట్రిక్ సెల్‌తో గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలను కొలిచాడు. చిక్కంతా ఇక్కడే ఉంది: ఉపగ్రహం తిరిగేకొద్దీ మనకు కనిపించే ముఖం మారుతుంది, అదే సమయంలో సూర్యుడు-ఉపగ్రహం-భూమి మధ్య కోణం, అంటే దశా కోణం కూడా మారుతుంది. ముందు దూరాల ప్రభావం తీసేయాలి, తర్వాత కక్ష్యా స్థానాన్ని బట్టి వచ్చే హెచ్చుతగ్గులు తీసేయాలి, మిగిలినదాన్ని దశా కోణానికి ఎదురుగా గీయాలి. ముఖం మార్పు, కోణం మార్పు కలిసిపోతే ఉపరితలం మీది మచ్చల ప్రభావాన్ని మంచు గుణంగా పొరబడతాం. గ్రహం మెరుపు మరో బెడద. ఎన్‌సెలడస్ కన్నా శని పది వేల రెట్లకు పైగా ప్రకాశవంతం. అందుకే గ్రహానికి అవతలి పక్క అంతే దూరంలో ఆకాశాన్ని కొలిచి తీసివేస్తారు.

ప్రకాశం ఒక్కటే అల్బెడో ఇవ్వదు, ఎందుకంటే ప్రకాశంలో అల్బెడో, వ్యాసార్ధం వర్గం గుణించి కలిసి ఉంటాయి. వ్యాసార్ధంలో 10 శాతం పొరపాటు అల్బెడోలో దాదాపు 20 శాతం అవుతుంది. వాయేజర్ అంతరిక్ష నౌకల ఫొటోలు రాకముందు శని చిన్న ఉపగ్రహాల విలువలు అందుకే నిలకడగా లేవు.

దశా కోణం సంగతి ఇంకా ముఖ్యం. భూమి నుంచి గురుడి ఉపగ్రహాలను 12 డిగ్రీల దాకా, శనివి 6 దాకా, యురేనస్‌వి 3 దాకా మాత్రమే చూడగలం. బాండ్ అల్బెడోకు పెద్ద కోణాలూ కావాలి. వాటిని అందించినవి వాయేజర్, గెలీలియో, కసీని నౌకలు.

సున్నా కోణం దగ్గర మరో వింత. శని వలయాలు ప్రతియుతి వేళ, అంటే భూమి నుంచి చూస్తే శని సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు, హఠాత్తుగా మెరవడాన్ని ఖగోళ శాస్త్రజ్ఞుడు జీలిగర్ 1887లో వివరించాడు: రేణువుల నీడలు వాటి వెనకే దాక్కుంటాయి. రేణువుల మధ్య పలుమార్లు చెదిరిన కాంతి తరంగాలు వచ్చిన దారినే తిరిగివెళ్లేటప్పుడు ఒకదాన్నొకటి బలపరచడం రెండో కారణమని తర్వాత తేలింది. 2005 జనవరిలో శని నుంచి చూస్తే భూమి సూర్యబింబానికి దాదాపు అడ్డంగా వచ్చింది, కోణం 0.01 డిగ్రీకి తగ్గింది. అప్పుడు హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో చేసిన కొలతల నుంచే 2007లో వెర్బిషర్ బృందం 1.38ను ప్రకటించింది. ఒకటి రెండు డిగ్రీల కొలతలను సరళరేఖగా సున్నాకు పొడిగిస్తే ఈ హఠాత్తు మెరుపు లెక్క నుంచి పూర్తిగా జారిపోతుంది.

ఉష్ణోగ్రత లెక్కకు మాత్రం బాండ్ విలువే వాడాలి. అది 0.8 బదులు 0.9 అయితే పీల్చుకునే ఎండ సగానికి పడిపోతుంది, ఉష్ణోగ్రత సుమారు 16 శాతం తగ్గుతుంది. ఎన్‌సెలడస్ దక్షిణ ధ్రువం దగ్గర లోపలి నుంచి వచ్చే వేడిని కొలవాలంటే ముందు ఎండ వాటాను తీసివేయాలి. ఆ తీసివేత బాండ్ విలువ మీదే నిలబడి ఉంది.