ఐరోపా ఉమ్మడి బడ్జెట్: పార్లమెంటు మాట ఎలా చెల్లింది?

1979 డిసెంబరు 13న స్ట్రాస్‌బర్గ్‌లో ఐరోపా పార్లమెంటు (నేటి ఐరోపా సమాఖ్య చట్టసభ) మరుసటి ఏడాది బడ్జెట్‌ను పూర్తిగా తోసిపుచ్చింది. తిరస్కరించాలని 288 మంది, వద్దని 64 మంది ఓటేశారు. ఆ సభ్యులను జనం నేరుగా ఎన్నుకుని అప్పటికి ఆరు నెలలే. అధ్యక్షురాలు సిమోన్ వేయ్.

ఆ ధైర్యం ఒక్కరోజులో రాలేదు. ఈ దేశాల కూటమికి పునాది వేసిన 1957 నాటి రోమ్ ఒప్పందం ప్రకారం సభ సవరణలు సూచించగలదు, అంతే. నిర్ణయం సభ్యదేశాల మంత్రుల మండలిదే. ఖజానా దేశాల చందాలతో నడిచేది కాబట్టి, ఆ చందాల గురించి ప్రతి దేశపు చట్టసభా తన ప్రభుత్వాన్ని అడిగేది. 1970లో పరిస్థితి మారింది. కస్టమ్స్ సుంకాలు, వ్యవసాయ దిగుమతుల లెవీలు, విలువ ఆధారిత పన్నులో కొంత వాటా ఉమ్మడి ఖజానాకే చెందాలని తీర్మానించారు. దేశాల చట్టసభల చేయి దాటిన ఆ సొమ్ముకు లెక్క అడిగేదెవరు? నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ మూలం ఈ ప్రశ్నే. ఆ ఏడాదే కొన్ని ఖర్చులపై తుది మాట పార్లమెంటుకు దక్కింది. 1975 ఒప్పందంతో బడ్జెట్‌ను తిరస్కరించే హక్కు, ఖర్చయిన సొమ్ముకు లెక్కలు చూసి ఆమోదించే హక్కు కూడా వచ్చాయి.

అయినా సింహభాగం అందలేదు. పంటల మద్దతు ధరల ఖర్చును ‘తప్పనిసరి వ్యయం’ అని పేరుపెట్టి మంత్రులు తమ దగ్గరే ఉంచుకున్నారు. గోదాముల్లో మిగులు వెన్న, పాలపొడి గుట్టలుగా పేరుకుంటున్నా ఆ పద్దు పెరుగుతూనే ఉంది. వెనుకబడిన ప్రాంతాల నిధులకు మాత్రం మంత్రులు కోత పెట్టారు. 1979లో సభ తిరగబడింది దీని మీదే.

బడ్జెట్ లేకపోతే జీతాలు, చెల్లింపులు ఆగిపోవు. నెలకు నిరుటి కేటాయింపుల్లో పన్నెండో వంతు చొప్పున వాడుకోవచ్చు. మన ఓటాన్ అకౌంట్ లాంటిదే అనిపిస్తుంది గానీ, ఓటాన్ అకౌంట్‌కు చట్టసభ ఆమోదం కావాలి. ఇది ఒప్పందం ప్రకారం దానంతటదే అమలవుతుంది. కొత్త పథకాలకు మాత్రం దారి మూసుకుపోతుంది. 1980 బడ్జెట్ ఆ జూలైలో గానీ గట్టెక్కలేదు.

1984 డిసెంబరులో మళ్లీ తిరస్కరణ. 1986లో తగవు ఐరోపా న్యాయస్థానానికి ఎక్కింది. మండలితో ఒప్పందం కుదరకుండానే సభాధ్యక్షుడు బడ్జెట్ ఆమోదం పొందినట్లు ప్రకటించడం చెల్లదని, రెండు సంస్థలూ కలిసే తేల్చుకోవాలని తీర్పు వచ్చింది. 1988లో కమిషన్ (కూటమి కార్యనిర్వాహక సంస్థ), మండలి, పార్లమెంటు అయిదేళ్ల ఖర్చుకు పరిమితులు రాసుకుని సంతకాలు చేశాయి. ఏటేటా డిసెంబరు పోరు ఆ తర్వాతే సద్దుమణిగింది.

2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ‘తప్పనిసరి’ గీతను చెరిపేసింది. సాగు ఖర్చుపైనా పార్లమెంటుకు సమాన హక్కు వచ్చింది. పేచీ వస్తే ఇరుపక్షాల నుంచి సమాన సంఖ్యలో సభ్యులు కూర్చుని 21 రోజుల్లో ఉమ్మడి పాఠం తేవాలి. బహుళ వార్షిక పరిమితులకూ సభ సమ్మతి తప్పనిసరైంది. దేశాధినేతలు కుదుర్చుకున్న ఏడేళ్ల లెక్కను 2013 మార్చిలో 506 మంది సభ్యులు ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోమని తేల్చి, మళ్లీ చర్చలకు రప్పించారు.

రాబడి సంగతి వేరు. ఉమ్మడి ఖజానాకు ఏ ఆదాయం రావాలో మండలి ఏకగ్రీవంగా నిర్ణయించాలి, ప్రతి సభ్యదేశమూ ఆమోదించాలి. అక్కడ ఐరోపా పార్లమెంటును సలహా అడుగుతారు, అంతవరకే.