నర్సు చేతికి సెన్సర్: మాన్‌హాసెట్ నుంచి మన ఐసీయూ దాకా

ఆసుపత్రి సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుంటున్నారా లేదా అన్నది బ్యాడ్జీలతో, మణికట్టు సెన్సర్లతో, మెషీన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూసి తానే పోల్చుకోవడం నేర్చుకునే) ప్రోగ్రాములతో కనిపెట్టాలన్న ఆలోచన మళ్లీ చర్చకు వచ్చింది. రోగి ప్రాణాలకు సంబంధించిన విషయంలో మొహమాటాలు పనికిరావని యాజమాన్యాలు, పరికరాలు అమ్మే కంపెనీలు అంటున్నాయి. డ్యూటీలో ఉన్నంతసేపూ ఒంటి మీద నిఘా మోస్తూ పనిచేయలేమని నర్సులు అంటున్నారు. చేతుల శుభ్రత అవసరమన్న సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు. యంత్రం తెచ్చే లెక్కను ఎవరి పేరు మీద రాస్తారు, అది తప్పైతే ఎవరు దిద్దుతారు అన్న చోటే పేచీ అంతా ఉంది.

డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని చూపిన సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి వియన్నా ప్రసూతి వార్డుల కథ చాలాసార్లు విన్నదే కనుక దాన్ని పక్కన పెట్టి, నేటి గొడవకు అసలు మూలం ఎక్కడుందో అక్కడికే వెళ్లడం మంచిది. అది న్యూయార్క్ నగరానికి చేరువలోని మాన్‌హాసెట్‌లో, నార్త్ షోర్ యూనివర్సిటీ ఆసుపత్రికి చెందిన 17 పడకల ఐసీయూ. 2008 జూన్‌లో అక్కడ ప్రతి సింకు, ప్రతి శానిటైజర్ డబ్బా కనబడేలా కెమెరాలు బిగించారు. గది గుమ్మానికి సెన్సర్లు పెట్టారు. మనిషి లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా సెన్సర్ గుర్తిస్తుంది. దాదాపు 10 సెకన్లలోపు చేతులు శుభ్రం చేసుకుంటే పాస్, లేకుంటే ఫెయిల్. ఆ దృశ్యాలను చూసి పాస్, ఫెయిల్ వేసింది యంత్రం కాదు, మనుషులే. 2013 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసిన దాని ప్రకారం ఆ మనుషులు భూగోళానికి అవతలి పక్కన, భారతదేశంలో కూర్చున్న ఉద్యోగులు. తర్వాతి కాలంలో మెషీన్ లెర్నింగ్ వచ్చి కూర్చున్నది వాళ్ల కుర్చీలోనే.

ఈ ప్రయోగం ఫలితాలు 2012లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. మొదటి 16 వారాలు కెమెరాలు చూశాయి, లెక్క రాసుకున్నాయి, కానీ ఆ లెక్కను సిబ్బందికి ఎవరూ చెప్పలేదు. ఆ కాలంలో 60,542 సందర్భాలకు గాను 3,933 సార్లు మాత్రమే చేతులు శుభ్రం చేసుకున్నట్టు తేలింది. అంటే నూటికి ఏడు కూడా లేదు. తర్వాత వార్డు నడవాలో ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టి, శాతం ఎంతో ఎప్పటికప్పుడు అందరి కళ్ల ముందు చూపించారు. పర్యవేక్షకులకు సారాంశం ఈమెయిల్‌లో వెళ్లేది. బోర్డులు పెట్టాక తొలి 16 వారాల్లోనే అంకె 81.6 శాతానికి ఎగబాకింది. ఆ తర్వాతి 75 వారాలూ 87.9 శాతం దగ్గర నిలిచింది.

ఈ అంకెలను పరికరాల కంపెనీలు నేటికీ చూపిస్తాయి. చూపించే తీరులోనే తిరకాసు ఉంది. కెమెరా పెడితే చేతులు శుభ్రమయ్యాయని వాళ్లు చెబుతారు. కానీ మొదటి 16 వారాలూ అవే కెమెరాలు, అవే సెన్సర్లు పనిచేస్తూనే ఉన్నాయి, అంకె మాత్రం ఏడు దాటలేదు. మారినదల్లా పనిచేసేవాళ్లకు తమ లెక్క తమకు కనబడటం. మాన్‌హాసెట్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే అయినా, తర్వాత వచ్చిన పరికరాలు చూసే భాగాన్ని పెంచుకుంటూ పోయి, చెప్పే భాగాన్ని యాజమాన్యం కంప్యూటర్‌కు పరిమితం చేశాయి. నేటి వివాదం అంతా ఆ మలుపు దగ్గర పుట్టిందే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లక తప్పదు, ఎందుకంటే చేతులు శుభ్రం చేసుకోకపోవడం నిర్లక్ష్యమా, వీలులేకపోవడమా అన్న ప్రశ్నకు అప్పటికే ఒక జవాబు దొరికి ఉంది. 1994లో జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ నియంత్రణ నిపుణుడు డిడియే పిటే బృందం జరిపిన పరిశీలనలో మొత్తం మీద 48 శాతం సందర్భాల్లోనే చేతుల శుభ్రత పాటించారు. నర్సులు 52 శాతం, డాక్టర్లు 30 శాతం. పని ఒత్తిడి ఎక్కువయ్యే కొద్దీ శాతం పడిపోయింది. అందుకే అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన ఐసీయూలోనే అది 36కు దిగింది. 1997లో మరో పరిశోధన వేసిన లెక్క ఇంకా సూటిగా ఉంది: ఒక ఐసీయూలో నియమం ప్రకారం ప్రతిసారీ సబ్బు నీళ్లతో చేతులు కడగాలంటే పగటి షిఫ్టులో అందరి పనిగంటల్లోంచీ కలిపి 16 గంటలు దానికే పోతాయి, పడక పక్కనే ఉన్న ఆల్కహాల్ ద్రావణంతో అయితే మూడు గంటలు చాలు. జెనీవా వాళ్లు ఆ దారినే పట్టారు. పడకల దగ్గర సీసాలు పెట్టారు, జేబులో పట్టే సీసాలు పంచారు, గోడల నిండా పోస్టర్లు అంటించారు, ఫలితాలను సిబ్బందికి చెప్పారు. 1997 నాటికి శాతం 66కు చేరింది, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 1998 నాటికి 16.9 నుంచి 9.9 శాతానికి తగ్గాయి. ఎవరి మెడలోనూ బ్యాడ్జీ వేయకుండానే ఇది సాధ్యమైంది. డాక్టర్ల 30 శాతం కూడా గుర్తు పెట్టుకోదగ్గదే. సెన్సర్ల గురించి మాట్లాడే సమావేశాల్లో ఎప్పుడూ సిస్టర్ల ప్రస్తావనే తప్ప, రౌండ్స్‌కు వచ్చి పది పడకలు తిరిగి వెళ్లే పెద్ద డాక్టరు ప్రస్తావన అంతగా వినబడదు.

యాజమాన్యాల వాదనకు బలమైన ఆధారం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు పుస్తకం పట్టుకుని వార్డులో నిలబడి చేసే ఆడిట్‌ను నమ్మలేమని 2014లో టొరంటోలో జరిగిన అధ్యయనం తేల్చింది. ఆడిటర్ కంటికి కనబడేంత దూరంలో ఉన్నప్పుడు శానిటైజర్ వాడకం, ఎవరూ చూడనప్పటితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంది. చూస్తున్నారని తెలిస్తే ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు కనుక, గోడకు తగిలించే 90, 95 శాతాల చార్టులకు పెద్ద విలువ లేదన్న మాట.

దానికి అమెరికాలో డబ్బు తోడైంది. ఆసుపత్రిలో వచ్చిన కొన్ని రకాల ఇబ్బందులకు అదనంగా చెల్లించేది లేదని ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2008 అక్టోబరులోనే చెప్పింది. 2014 అక్టోబరు నుంచి ఈ విషయంలో వెనకబడిన నాలుగో వంతు ఆసుపత్రులకు చెల్లింపుల్లో ఒక శాతం కోత మొదలైంది. 2018 జనవరి నుంచి, ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ సంస్థ తనిఖీదారులు ఒక్క ఉద్యోగి ఒక్కసారి చేతులు శుభ్రం చేసుకోకపోయినా లోపంగా రాయడం ప్రారంభించారు. నెలకు ఒక్కో విభాగంలో 200 సందర్భాలు పరిశీలించాలని ఆసుపత్రుల భద్రతకు రేటింగ్ ఇచ్చే లీప్‌ఫ్రాగ్ సంస్థ 2020 సర్వేలో ప్రమాణం పెట్టి, ఎలక్ట్రానిక్ పద్ధతులనూ అనుమతించాక కంపెనీలకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

కెమెరా వార్డును చూసేది, బ్యాడ్జీ మనిషిని చూస్తుంది. శానిటైజర్ డబ్బా దగ్గరికి ఏ బ్యాడ్జీ వచ్చింది, ఏ పడక దగ్గరికి వెళ్లింది అన్నది రేడియో సంకేతాలతో నమోదవుతుంది. చేతిని దగ్గర పెడితే ఆల్కహాల్ ఆవిరిని పసిగట్టి ఆకుపచ్చ దీపం వెలిగించే బ్యాడ్జీలూ వచ్చాయి. వీటి ప్రభావం మీద 42 ఆసుపత్రుల సమాచారంతో 2017లో వెలువడిన పరిశోధన ఈ వివాదంలో అందరూ చదవాల్సినది. వ్యక్తిగత పర్యవేక్షణ మొదలుపెట్టగానే శాతం బాగా పెరిగింది, సుమారు రెండేళ్ల పాటు పెరుగుతూనే వచ్చింది, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. పర్యవేక్షణ ఆపేసిన చోట అది మొదలుపెట్టక ముందున్న స్థాయికన్నా కిందికి పడిపోయింది. అంటే యంత్రం ఉన్నన్నాళ్లు యంత్రం కోసం చేసిన పని, యంత్రం పోయాక అలవాటుగా మిగల్లేదు. దాదాపు అదే పరిశోధకులు 2015లో ప్రచురించిన మరో అధ్యయనంలో, 12 గంటల షిఫ్టు మొదటి నుంచి చివరికి వచ్చేసరికి చేతుల శుభ్రత సగటున 8.7 శాతం పాయింట్లు తగ్గిందని తేలింది. అలసటను సెన్సర్ కొలవగలదు, తీర్చలేదు.

మెషీన్ లెర్నింగ్ ఈ కథలోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి స్టాన్‌ఫర్డ్ దారి. ముఖాలు గుర్తుపట్టడానికి వీల్లేని, దూరాన్ని మాత్రమే కొలిచే డెప్త్ కెమెరాలను పైకప్పుకు బిగించి, శానిటైజర్ వాడకాన్ని ప్రోగ్రాముతో గుర్తించే పద్ధతి అది. 2020లో ఆ బృందం ప్రచురించిన ఫలితాల్లో మొత్తం కచ్చితత్వం 96.8 శాతం. ప్రచారంలో ఈ అంకే కనబడుతుంది. దాని పక్కనున్న మరో అంకె, 92.1 శాతం, ఎవరూ చెప్పరు. నిజంగా చేతులు శుభ్రం చేసుకున్న 100 సందర్భాల్లో యంత్రం 92 మాత్రమే పట్టుకుంది, మిగతావి తప్పించుకుపోయాయి అని దాని అర్థం. వార్డు మొత్తానికి శాతం లెక్కగట్టేటప్పుడు ఇది సర్దుకోదగిన పొరపాటే. అదే లెక్క ఒక సిస్టర్ పేరు మీద, నెల చివర పనితీరు సమీక్షలో కూర్చుంటే, చేసిన పనికి చేయలేదన్న నింద అవుతుంది.

రెండోది మణికట్టు దారి. చేతులు రుద్దుకునేటప్పుడు మణికట్టు కదిలే తీరును బట్టి, ఎంతసేపు రుద్దారు, అరచేతులతో ఆపేశారా, వేళ్ల సందులు, బొటనవేలు కూడా రుద్దారా అన్నది ప్రోగ్రాము పోల్చుకుంటుంది. 2015లోనే అయోవా యూనివర్సిటీ పరిశోధకులు దీని మీద పని చేశారు. కోవిడ్ ఏడాది 2020లో ఆపిల్ తన వాచీలోనే ఈ సదుపాయం పెట్టి, కదలికతో పాటు నీళ్ల చప్పుడునూ విని 20 సెకన్లు లెక్కపెట్టించింది. ఇంట్లో అది బాగానే ఉంటుంది. ఆసుపత్రిలో మాత్రం మొదటి మెట్టు దగ్గరే అడ్డంకి. ఇంగ్లండ్‌లో రోగుల దగ్గరికి వెళ్లే సిబ్బంది మోచేతి కింద వాచీ సహా ఏమీ ధరించకూడదన్న నియమం 2007 నుంచి ఉంది, ఎందుకంటే వాచీ పట్టీ కిందే క్రిములు దాక్కుంటాయి, మణికట్టు సరిగా శుభ్రం కాదు. చేతుల శుభ్రతను కొలవడానికి చేతుల శుభ్రతకు అడ్డొచ్చే వస్తువును కట్టుకోమనడం ఎక్కడి న్యాయమో ఆ కంపెనీలే చెప్పాలి.

ఇవన్నీ సరిచేసుకున్నా మిగిలే లోపం ఇంకా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు చెప్పింది: రోగిని తాకేముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్నవాటిని తాకాక. గుమ్మం దగ్గరి సెన్సర్‌కు తెలిసేవి వెళ్లడం, రావడం. మొదటి, చివరి సందర్భాలను అది అంచనా వేయగలదు. ఒక సిస్టర్ ఐసీయూ పడక దగ్గరికి వస్తూ నియమం ప్రకారం చేతులకు ద్రావణం రాసుకున్నారనుకుందాం. బ్యాడ్జీ ఆకుపచ్చగా వెలిగింది. పడక రెయిలింగ్ పట్టుకుని దిండు సర్దారు, మోగుతున్న మానిటర్ అలారం నొక్కి ఆపారు, యూరిన్ బ్యాగ్ పక్కకు జరిపారు, వెంటనే అదే చేతులతో రోగి సెలైన్ గొట్టం మూత తీసి మందు ఎక్కించారు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్లేది సరిగ్గా ఆ క్షణంలో. యంత్రం రాసుకున్నది మాత్రం పాస్. మరో సిస్టర్ పడక మారకుండా, ఒకే రోగి దగ్గర నిలబడి మందు ఎక్కించేముందు మళ్లీ చేతులు రుద్దుకుంటే, గుమ్మం సెన్సర్‌కు ఆ జాగ్రత్త లెక్కలోకే రాదు.

మన దేశంలో ఈ ప్రశ్న వేరే ఒంపు తిరిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసే కాయకల్ప పథకం 2015 నుంచి ఉంది, ఇన్ఫెక్షన్ నియంత్రణకు జాతీయ మార్గదర్శకాలు 2020లో వచ్చాయి; రెండింటిలోనూ చేతుల శుభ్రత ఉంది, మెడలో బ్యాడ్జీ ప్రసక్తి లేదు. ప్రపంచంలోని ఆరోగ్య కేంద్రాల్లో దాదాపు సగం చోట్ల నీళ్లు, సబ్బు లేదా శానిటైజర్ వంటి కనీస ఏర్పాట్లు పూర్తిగా లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో చెప్పాయి. సీసా ఖాళీ అయిన వార్డులో సెన్సర్ ఎవరిని ఫెయిల్ చేస్తుందో ఊహించడం కష్టం కాదు. మరోవైపు ఉద్యోగి ఒంటికి పరికరం తగిలించే అలవాటు వేరే చోట్ల అప్పటికే మొదలైంది. చండీగఢ్‌లో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ వాచీలు కట్టినప్పుడు వాళ్లు వీధికెక్కారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దేశమంతటా వైద్య కళాశాలల అధ్యాపకులకు ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి 2025లో వచ్చింది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ గొడవను తేలుస్తుందని కొందరు ఆశపడుతున్నారు. అందులోని ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసం ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని చెబుతోంది. తన డేటా చూపించమని అడిగే హక్కు 11వ సెక్షన్‌లో, దిద్దమని అడిగే హక్కు 12వ సెక్షన్‌లో ఉన్నాయి. రెండూ సమ్మతి ఇచ్చిన డేటాకే వర్తిస్తాయి. మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడే డేటా కచ్చితంగా ఉండేలా చూడాల్సిన బాధ్యతను మాత్రం ఎనిమిదో సెక్షన్ సంస్థ మీద పెట్టింది. కనుక బ్యాడ్జీ లెక్క సరిగా ఉండాల్సిన పూచీ ఆసుపత్రిది, కానీ ఆసుపత్రి సమ్మతి అడగకుండా ఏడో సెక్షన్ కింద ఆ బ్యాడ్జీ వేస్తే, అది సరిగా ఉందో లేదో చూపించమని సిస్టర్ ఈ చట్టం కింద అడగలేరు. మాన్‌హాసెట్ నడవాలో అందరికీ కనబడేలా వేలాడదీసిన బోర్డుకు సమానమైనదేదీ ఇందులో లేదు.