సియాటిల్ మేపుల్, నెల్లూరు బాదం

అక్టోబర్‌లో మా అక్క కూతురు సియాటిల్ నుంచి వీడియో కాల్ చేసి, పెరట్లో నాటుకున్న చిన్న చెట్టు చూపించింది. ఆకులన్నీ పండుమిరప రంగు. పేరు వైన్ మేపుల్. అమెరికా పడమటి తీరపు అడవుల్లో, పెద్ద చెట్ల నీడన ఇరవై అడుగులకు అటూ ఇటూగా పెరిగే స్థానిక జాతి. “మామయ్యా, విత్తనాలు పంపనా? నెల్లూరులో వేద్దువు” అంది.

పక్కనే ఉన్న అమ్మ తొంగి చూసింది. “మన బాదం ఆకులే కదమ్మా ఇవి! వీటినే ఊడ్చలేక చస్తా ఉండాను.”

నవ్వుకున్నాం గానీ, అమ్మ మాటలో చాలా సైన్స్ ఉంది.

ఆకులోని మాంసకృత్తుల్లో నత్రజని ఉంటుంది. రైతు యూరియా బస్తా కోసం క్యూలో నిలబడేది ఆ నత్రజని కోసమే. అంత విలువైన సరుకును చెట్టు ఆకుతోపాటు పారేసుకోదు, రాలకముందే కొమ్మల్లోకి లాక్కుంటుంది. ఆ క్రమంలో పత్రహరితం విరిగిపోతుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు, అంటే క్యారెట్‌కు రంగునిచ్చే జాతి పదార్థాలు, బయటపడి ఆకు పసుపు తిరుగుతుంది. ఎరుపు మాత్రం చాటున దాగినది కాదు. చివరి రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకునే ఆంథోసయనిన్ అది. నేరేడు పండు తిన్నాక నాలుకకు అంటేదీ, వంకాయ తొక్కకు రంగునిచ్చేదీ ఆ కుటుంబమే.

రాలిపోయే ఆకుకు రంగు వేయడం దండగ ఖర్చు కాదా? దీనిమీద ఇంకా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. పత్రహరితం విరిగే వేళ ఎండ ఆకును దెబ్బతీస్తుందనీ, నత్రజని వెనక్కి చేరేదాకా ఎరుపు గొడుగులా కాపాడుతుందనీ ఒక వాదన. ఆకుల రంగు పురుగులకు చెట్టు చేసే హెచ్చరిక అని 2001లో అచ్చయిన పత్రంలో హామిల్టన్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు అన్నారు. నాకు గొడుగు మాటే నచ్చుతుంది. వైన్ మేపుల్ నీడలో ఉంటే ఎక్కువగా పసుపు దగ్గరే ఆగిపోతుంది, ఎండ తగిలితే బాగా ఎర్రబడుతుంది. మా మేనకోడలు దాన్ని ఎండ పడే మూలన పెట్టింది అందుకే.

ఇక నెల్లూరులో వేస్తే? విత్తనాలు కవర్లో పెట్టి పంపడానికి చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి. వచ్చినా, నెలల తరబడి తడి చలిలో ఉంటే గానీ ఆ గింజ నిద్ర లేవదు. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించామే అనుకుందాం. సియాటిల్‌లో వేసవి పగటికీ చలికాలపు పగటికీ ఏడున్నర గంటల తేడా. నెల్లూరులో సుమారు గంటా నలభై నిమిషాలే. పగలు కురచవుతోందన్న కబురూ, రాత్రి చలీ అందితేనే మేపుల్ రంగు తిరిగేది. రాలాక మళ్లీ మొగ్గలు విచ్చుకోవాలన్నా చాలా వారాల చలి కావాలి. ధనుర్మాసంలో మనం స్వెట్టర్లు తీస్తాం గానీ, ఆ చలి దానికి ఆనదు. ఇవన్నీ దాటినా, రోహిణి కార్తెలో పడమటి గాలికి ఆ పల్చటి ఆకులు అప్పడాల్లా వేగిపోతాయి.

బాదం అలా కాదు. కొట్లో అమ్మే బాదం పప్పు దీనిది కాదు, ఇది మద్ది, కరక్కాయ చెట్లకు చుట్టం. ఇసుక నేలనూ ఉప్పుగాలినీ లెక్కచేయదు, కాయ సముద్రం మీద తేలిపోయి ఇంకో తీరాన మొలుస్తుంది. దీనికి చలితో పనిలేదు. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. సంక్రాంతి దాటాక నేల ఆరుతుంది, మా ఇంటి ముందు ఆకు పండుతుంది. రంగుచేపలు పెంచేవాళ్లు ఈ ఎండుటాకుల్ని డబ్బిచ్చి కొంటారు, వాటిలోని టానిన్లనే వగరు పదార్థాలు నీటిని కాస్త ఆమ్లంగా మారుస్తాయని. అమ్మకు చెబితే నమ్మలేదు.

అయినా మన దగ్గర ఎరుపు చూడాలంటే పండుటాకుల కంటే చిగుళ్లలోనే ఎక్కువ. ఉగాది ముందు రావిచెట్టు, మామిడిచెట్టు చూడండి. రాగి రంగులో మెరిసే ఆ చిగుళ్లలోనూ ఆంథోసయనినే. లేతాకు మెత్తన, పురుగులకు ఇష్టం. ముందే పత్రహరితం నింపితే, పురుగు కొరికినప్పుడు పోయేదీ ఎక్కువే. అందుకే ఉష్ణమండలపు చెట్లు చాలా ఆకు గట్టిపడేదాకా పచ్చదనాన్ని వాయిదా వేస్తాయని ఒక వివరణ.

మా వీధి చివర రావిచెట్టు ఉంది. మార్చిలో వీడియో కాల్ నేనే చేస్తానని మేనకోడలికి చెప్పాను.