బొగ్గు బాయిలో తోడు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, రాజురా దగ్గర పత్తి పెట్టే ఒక తెలుగు రైతు మొన్న బల్లార్షా స్టేషన్ బయట కలిశాడు. నేను సైన్సు రాస్తానని తెలిసి ఒక ప్రశ్న అడిగాడు. "సార్, మా చేను పక్కన బొగ్గు బాయి మట్టి గుట్ట ఉన్నది. దాని కింద ఊట నీళ్లు అద్దంలెక్క ఉంటయి. పది గజాలు పోంగనే ఎర్రగైతయి. ఆ పది గజాలల్ల ఎవలు కలుపుతున్రు సార్ ఆ రంగు?"

ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి చాలా కాలమైంది. మరుసటి ఆదివారమే వెళ్లాను.

ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు మీది మట్టిని, రాయిని తవ్వి పోసిన గుట్ట అది. అందరూ ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్ట అంటారు. అడుగున రెండు రాళ్ల సందులోంచి బొటనవేలు లావున నీరు వస్తోంది. దోసిట్లో పడితే చేతి గీతలు కనిపించాయి. నాలుగడుగులు దిగితే రాళ్ల మీద లేత పసుపు, ఇంకాస్త దిగితే నారింజ రంగు, వాగు చేరేసరికి ఇటుక పొడి కలిపినట్టు బురద. నీళ్లు నిలిచిన మడుగులో పైన ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతోంది. ఊళ్లో కొందరు డీజిల్ వదిలారంటున్నారట. కొందరు మైసమ్మకు కోపమొచ్చిందని ఊట దగ్గర నిమ్మకాయలు, పసుపు కుంకుమ పెట్టారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. నీళ్ల రంగు మారిందని అందరికంటే ముందు పట్టుకున్నది వాళ్లే.

డీజిల్ మాట తేల్చడానికి ఒక పుల్ల చాలు. ఆ పొరను పుల్లతో గీశాను. గాజుపెంకులా ముక్కలు ముక్కలుగా విరిగింది, ముక్కలు మళ్లీ కలవలేదు. నూనె అయితే సుడి తిరిగి వెంటనే కలిసిపోయేది. ఇది ఇనుముతో బతికే సూక్ష్మజీవులు, ఇనుము కలిసి కట్టిన పొర. ఈ పరీక్షను బడి పిల్లలందరికీ వాగు దగ్గరే చూపించాలి. నీళ్ల పులుపును, అంటే ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ సూత్రం బోర్డు మీద రాసి బట్టీ పట్టించడం కంటే వెయ్యి రెట్లు మేలు.

ఇక రంగు సంగతి. బొగ్గుతో పాటు, దాని చుట్టూ ఉన్న రాళ్లలో పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఒక పాలు ఇనుముకు రెండు పాళ్లు గంధకం. కొన్ని పైరైట్ రేణువులను మైక్రోస్కోపులో చూస్తే అచ్చం సీతాఫలంలా, చిన్న చిన్న బుడిపెలు గుత్తిగా అతుక్కుని ఉంటాయి. బుడిపెలు ఎక్కువంటే గాలికి తగిలే ఒళ్లు ఎక్కువ. భూమిలోపల పాతిక కోట్ల ఏళ్లకు పైగా ఇది కదలకుండా పడుకుంది. కారణం ఒక్కటే, అక్కడ ఆక్సిజన్ లేదు. తవ్వడం అంటే దానికి గాలి చూపించడం. బండను పేల్చి, ముక్కలు చేసి, గుట్టగా పోయడం అంటే కోట్ల కొత్త ముఖాలను ఒకేసారి గాలికి విప్పడం.

మన ఇంట్లో దీన్ని పోలిన పని రోజూ జరుగుతుంది. రాత్రి పాలకు తోడేస్తాం. గోరువెచ్చని పాలు, చెంచాడు పాత పెరుగు, పొద్దున్నకి గిన్నెడు పెరుగు. తోడులో విశేషమేమిటి? పెరుగు తయారవుతూ మళ్లీ తోడునే తయారుచేస్తుంది. ఈ రోజు గిన్నెలోంచి తీసిన చెంచా రేపటి గిన్నెను పులియబెడుతుంది. గుట్టలో కూడా తోడుంది. దాని పేరు ఫెర్రిక్ ఇనుము.

ఇనుము నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఫెర్రస్‌కు దాదాపు రంగు ఉండదు, కరిగి ఉంటుంది. అద్దంలాంటి ఊట రహస్యం ఇదే. ఆక్సిజన్ తగిలితే అది ఫెర్రిక్‌గా మారుతుంది. ఫెర్రిక్ అలా కాదు. పులుపు బాగా ఉన్నంతసేపే కరిగి ఉంటుంది, పులుపు తగ్గగానే ఎర్రటి బురదై పేరుకుంటుంది. కరిగి ఉన్న ఫెర్రిక్ పైరైట్ మీద పడితే ఆక్సిజన్ కంటే గట్టిగా దాన్ని కొరుకుతుంది. ఒక పైరైట్ కరగడానికి 14 ఫెర్రిక్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఖర్చవుతాయి. తిరిగి వచ్చేవి 15 ఫెర్రస్ అయాన్లు, రెండు సల్ఫేట్లు (గంధకం ఆక్సిజన్‌తో కలిసిన రూపం), 16 హైడ్రోజన్ అయాన్లు. నీళ్లకు పులుపు తెచ్చేవి ఈ హైడ్రోజన్ అయాన్లే. ఆ 15 ఫెర్రస్‌లూ మళ్లీ ఫెర్రిక్‌గా మారితే తోడు 14 నుంచి 15 అయింది. చెంచా వేస్తే చెంచాకు పైన వచ్చింది. ఆ మార్పులో 15 హైడ్రోజన్ అయాన్లు ఖర్చైపోతాయి, ఒకటే మిగులుతుంది. మరి పులుపంతా ఎక్కడిది? ఫెర్రిక్ ఎర్రగా పేరుకునేటప్పుడు ఇంకో మూడు పుడతాయి. ఒక పైరైట్‌కు మొత్తం నాలుగు. అంటే ఎరుపూ పులుపూ కవలలు, ఒకే కాన్పులో పుడతాయి. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అయితే ఫెర్రస్ తనంతట తాను ఫెర్రిక్ కావడం పుల్లటి నీళ్లలో చాలా నెమ్మది. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 3 దగ్గర సగం మారడానికే ఏళ్లు పడుతుంది. ఆ లెక్కన ఏ గనీ ఇంత పులవకూడదు. పులుస్తోంది కాబట్టి ఇంకెవరో చెయ్యి వేస్తున్నారు. 1947లో అమెరికాలో బొగ్గు గనుల నీళ్లలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ చెయ్యి ఎవరిదో చూపించారు. అదొక బ్యాక్టీరియా. దాని ఇప్పటి పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. ఇనుమును ఫెర్రిక్‌గా మార్చి, అందులో వచ్చే శక్తితో బతుకుతుంది. ఇది చేరితే ఆ మార్పు వేగం 10 లక్షల రెట్లు పెరగగలదని 1970లో సింగర్, స్టమ్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గిన్నెలో పెరుగు బ్యాక్టీరియా చేసే పనే, గుట్టలో ఇది చేస్తోంది.

పోలిక ఇక్కడిదాకా చక్కగా నడిచింది, ఇక్కడే తెగుతుంది కూడా. పెరుగు బాగా పులిస్తే ఆ పులుపే దాని బ్యాక్టీరియాను ఆపేస్తుంది. పీహెచ్ నాలుగు దాటి కిందకు దిగడం కష్టం. గని బ్యాక్టీరియాకు పీహెచ్ 2 సొంత ఇల్లు. పులిసేకొద్దీ దాని పని జోరందుకుంటుంది. పీహెచ్‌లో ఒక అంకె దిగడమంటే పులుపు పది రెట్లు పెరగడం కాబట్టి, మామూలు నీళ్ల 7 నుంచి 2కి దిగడమంటే లక్ష రెట్లు. పాలు గిన్నెడే, తెల్లారేసరికి పని అయిపోతుంది. గుట్ట కొండంత, పని దశాబ్దాలు, ఒక్కోచోట శతాబ్దాలు సాగుతుంది. స్పెయిన్‌లో రియో టింటో అనే నది ఉంది. వేల ఏళ్లుగా గనులు తవ్విన నేల. అక్కడి నీళ్లు ఈ రోజుకీ ఎర్రగా, పీహెచ్ 2కు కాస్త అటూ ఇటూగా పారుతున్నాయి.

మన వార్ధా నది లోయ బొగ్గు అంత చెడ్డది కాదు. ఇది గోండ్వానా అనే పాత రాతిపొరల బొగ్గు, ఇందులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే. అస్సాంలోని మాకుమ్ బొగ్గులో దానికి ఎన్నో రెట్లు. పైగా ఈ చుట్టుపక్కల సున్నపురాయి ఉంది. గడ్‌చాందూర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. పుల్లటి నీరు సున్నం ఉన్న రాళ్ల మీదుగా పారితే పులుపు విరిగిపోతుంది. అందుకే చాలాచోట్ల బయటికొచ్చే నీరు పీహెచ్ పరీక్షలో పాసవుతుంది. గని నీటికి మన నిబంధన 5.5 నుంచి 9 మధ్య. పాసైన కాగితం చూసి అంతా బాగుందనుకుంటారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

పులుపు విరిగింది కానీ సల్ఫేట్ ఎక్కడికీ పోలేదు. సున్నంలోని కాల్షియంతో జతకట్టి నీళ్లలోనే ఉంది. దీన్నే శాశ్వత కఠినత్వం అంటారు, మరిగించినా పోదు. పప్పు ఉడకదు. మెగ్నీషియం సల్ఫేట్ అయితే విరేచనాల ఉప్పే, పశువులు పారుకుంటాయి. తాగే నీళ్లలో సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 400 వరకు ఒప్పుకుంటుంది. పీహెచ్ అంకెను ఎంతసేపు చూసినా ఇందులో ఒక్క ముక్క కూడా తెలియదు.

ఇనుము సంగతి వాగును చూస్తేనే తెలుస్తుంది. ఏడు మిల్లీగ్రాముల ఫెర్రస్ ఎర్రబడడానికి నీళ్లలోని ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ మింగేస్తుంది. మన ఎండలకు లీటరు నీళ్లలో ఉండేదే ఏడెనిమిది మిల్లీగ్రాములు. మిగిలిన పని బురద చేస్తుంది. ఆ వాగులో ఒక రాయి తిరగేశాను. పైన నారింజ పూత, కింద కూడా పూతే. మంచి వాగులో రాయి కింద పురుగులు, నత్తలు, జలగ ఏదో ఒకటి కదులుతుంది. ఇక్కడ ఏదీ కదల్లేదు. రాయి మీద నాచు చస్తే దాన్ని తినే పురుగు చస్తుంది, పురుగును తినే చేప పిల్ల పస్తుంటుంది. చేప మొప్పల మీద కూడా ఇదే పూత పేరుకుంటుంది.

అన్నిటికంటే చెడ్డ వారం తొలకరి వారం. ఎండాకాలమంతా గుట్టలో తయారైన లవణాలు తెల్లటి పొడిగా పైకి తేలి ఉంటాయి. మొదటి గట్టి వాన వాటిని ఒక్కసారిగా కడిగి వాగులో పోస్తుంది. అప్పటికి వాగులో పలచన చేయడానికి నీళ్లుండవు. సరిగ్గా మృగశిర కార్తె. మనవాళ్లు తప్పనిసరిగా చేపలు తినే రోజులు. వాగు వార్ధాలో, వార్ధా వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. అంత దూరం వెళ్లేసరికి పలచబడుతుంది, నిజమే. కానీ మొదటి పది కిలోమీటర్ల వాగు ఒడ్డున ఉన్న ఊరికి గోదావరి పలచదనంతో ఏం పని?

ఆపడం ఎలాగంటే గాలిని ఆపాలి. పాలకు మూత పెడితే తోడు ఆగదు, గుట్టకు మూత పెడితే ఆగుతుంది. దీనికి ఆక్సిజన్ కావాలి కాబట్టి. పైరైట్ ఉన్న రాయిని విడిగా తీసి గుట్ట మధ్యలో, బంకమట్టి కింద తొక్కించి పెట్టాలి. ఊటను నేరుగా వాగులోకి వదలకుండా చెరువులో నిలిపి, ఇనుమును అక్కడే దించి, ఆ తర్వాత జమ్ము పెరిగిన మడుగుల మీదుగా నడిపించాలి. మడుగు అడుగు బురదలో గాలి లేని చోట ఇంకో రకం బ్యాక్టీరియా సల్ఫేట్‌ను విరగ్గొడుతుంది. ఉత్త సున్నపురాయి పరిస్తే కొన్నాళ్లకు దాని మీదా ఎర్ర పూత పట్టి పని ఆగిపోతుంది.

వచ్చేటప్పుడు ఆ రైతు, నేను సీసాడు ఊట నీళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. ఆయన భార్య పెరట్లోని మందార పువ్వులు వేడినీళ్లలో నలిపి ఇచ్చింది. నిమ్మరసం పడితే ఆ నీళ్లు చక్కటి గులాబీ ఎరుపుకు తిరిగాయి. ఊట నీళ్లు పోశాం, రంగు మారలేదు. "అయితే పుల్లగ లేవు కదా సార్, మంచిగనే ఉన్నట్టు" అన్నాడాయన. ఆమె మాట్లాడకుండా బట్టల సబ్బు తెచ్చి, మిగిలిన నీళ్లలో చేతులు రుద్దింది. చాలాసేపు రుద్దింది. నురగ రాలేదు, తెల్లటి తెట్టు మాత్రం వేళ్లకు అంటుకుంది. సీసా అడుగున అప్పటికే సన్నటి ఎర్ర గీత దిగుతోంది.